పన్నీరైన విన్నపం

ఒకానొక కాలంలో పైడికొండ అనే రాజ్యంలో ముతక మాట పలకడం నేరంగా ఉండేది.

ఆ రాజ్యాన్ని ఉదయకేతు మహారాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన చెవులంటే ఆయనకు మహా గౌరవం. "మా చెవులు వీణానాదం కోసం పుట్టినవి, వాటిలో రాళ్ళూ రప్పలూ పోయకండి" అనేవాడు. రాళ్ళూ రప్పలంటే జ్వరం, దోమలు, దొంగతనం, కరువు వంటి మాటలు.

ఈ చెవుల రక్షణ కోసం కోటలో పరిష్కార సభ అని ఒకటి వెలిసింది. రాజుకు చేరవలసిన విన్నపమైనా, కావ్యమైనా ముందు ఆ సభకు వెళ్ళాలి. అక్కడి పండితులు ముతక మాటలు ఏరేసి, వాటి చోట మెత్తని మాటలు పొదిగి, ముద్ర వేసి పంపుతారు. ముద్ర లేని తాటాకు కోట గుమ్మం దాటకూడదు. ఆ సభకు అధ్యక్షుడు వాగీశ్వర సోమయాజి. ఆయన చేతిలో పడితే కరువు కాస్తా 'ఉపవాస దీక్ష' అయ్యేది. బాటసారులను దొంగలు దోచుకుంటే 'బరువు తగ్గిన ప్రయాణం' అయ్యేది.

ముద్ర ఊరికే పడేది కాదు. కవి తన కావ్యంతోపాటు నేతి కుండ తెస్తే అది సరసం, తేకపోతే విరసం. రెండు కుండలు తెస్తే మహాకావ్యం. కొన్నాళ్ళకు నిజంగా రాయగలిగినవాళ్ళు గంటాలు అటక మీద పెట్టేశారు. నెయ్యి కాచగలిగినవాళ్ళు కవులయ్యారు.

అధికారులకూ కిటుకు తెలిసిపోయింది. వంతెన కట్టడం కష్టం, కట్టినట్టు వంద పద్యాలు రాయించడం తేలిక. రాజు పద్యాలు విని తల ఊపేవాడు, అధికారికి కడియం తొడిగేవాడు. వంతెన కోసం తెచ్చిన రాయితో అధికారిగారి ఇంటికి మేడ లేచేది.

ఇలా ముద్ర పడినవాటిని కొలువులో చదివి వినిపించే ఉద్యోగం మాచనది. నలభై దాటినవాడు, మంచి గొంతున్నవాడు. పప్పులో ఉప్పు తగ్గిందన్న మాటనైనా అతను చదివితే జనం కళ్ళు మూసుకుని వినేవారు. చమత్కారి కూడా. రాజుకు కోపం వచ్చినప్పుడు నవ్వించి గండం గట్టెక్కించేవాడు. తను చదువుతున్నవి చాలావరకు అబద్ధాలని అతనికి తెలుసు. కానీ రాసింది తను కాదు కదా, చదవడమే తన పని కదా అని మనసుకు సర్దిచెప్పుకునేవాడు. పదేళ్ళుగా ఆ మాట బాగానే పనిచేసింది.

ఒకరోజు పొద్దున్నే ఒక ముసలామె అతని ఇంటి గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళు మోకాళ్ళదాకా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. చంకలో చిన్న మూట.

"చదువరి మాచన ఇల్లు ఇదేనా నాయనా?"

"నేనే మాచనను. రా పెద్దమ్మా, కూర్చో."

మాచన భార్య గౌరమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ముసలామె మజ్జిగ తాగి, మూట విప్పింది. అందులో జరీ అంచు పట్టు శాలువా ఉంది.

"నా పేరు కాటమ్మ. మాది తూములపాడు. ఇది మా ఊరికి రాజుగారు పంపించారు. ఎందుకు పంపించారో మాకు అంతుపట్టలేదు. అడిగిపోదామని వస్తే కోటలోకి రానివ్వలేదు. మా విన్నపం చదివింది నువ్వేనని గుమ్మం దగ్గర చెప్పారు."

తూములపాడు అనగానే మాచనకు గుర్తొచ్చింది. కిందటి నెల ఆ ఊరి విన్నపం చదివితే రాజు ముచ్చటపడి రెండోసారి చదివించుకున్నాడు. అది మాచనకు నోటికి వచ్చేసింది.

"కాలువ ఒడ్డున మాకు పండుగై ఏడాది గడిచినది. చేలు పాటలు పాడుచున్నవి. మా ఇంట పన్నీరే తప్ప వేరు నీరు ఎరుగము. దయామయులైన ప్రభువులకు దండము" అని చదివి వినిపించాడు. అలవాటు కొద్దీ చివర చిన్న రాగం కూడా తీశాడు.

కాటమ్మ శాలువా పక్కన పెట్టింది.

"మేము రాయించింది అది కాదు నాయనా. కాలువకు గండి పడి ఏడాది గడిచింది, చేలు బీటలు వారాయి, మా కంట కన్నీరే తప్ప వేరు నీరు లేదు, గండి పూడ్పించండి అని రాయించాం."

మాచన ఒక్కొక్క మాటా పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. గండి పండుగయింది. బీటలు పాటలయ్యాయి. కన్నీరు పన్నీరయింది. అతని చెయ్యి తనంతట తనే నోటి మీదికి వెళ్ళింది.

"కానీ పెద్దమ్మా, మీ కాలువ గండి కిందటేడే పూడ్చారుగా? కాలువల అధికారి మల్లపరాజు దాని మీద వంద పద్యాలు రాయించి సమర్పించాడు."

"అవీ నువ్వే చదివావా?"

"నేనే."

"గొంతు బాగుంటుందని చెప్పారులే" అంది కాటమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది మాచనకు ఎక్కువగా తగిలింది.

ఆమె తాపీగా చెప్పుకొచ్చింది. కాలువలో నీళ్ళు లేక కాదు. పైనుంచి వచ్చిన నీళ్ళన్నీ గండిలోంచి వాగులోకి పోతున్నాయి. వానకు నిలిచిన వరి ఇప్పుడు పొట్ట మీద ఉంది. ఇరవై రోజుల్లో తడి అందకపోతే గింజ పట్టదు. ఊళ్ళో మనుషులున్నారు, మట్టి మోస్తారు. దుంగలూ బండ్లూ మాత్రం కోట నుంచి రావాలి. మూడుసార్లు విన్నపం పంపారు. మొదటి రెండిటికీ జవాబు లేదు, మూడోదానికి శాలువా వచ్చింది.

ఆమె వెళ్ళిపోయాక గౌరమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇన్నేళ్ళుగా చదువుతున్నారు కదా, మీరు చదివేది మీకు వినపడదా?" అని అడిగింది.

మాచన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు కొలువులో అతను ముద్ర ఉన్న తాటాకు పక్కన పెట్టి, తూములపాడు విన్నపాన్ని కాటమ్మ చెప్పింది చెప్పినట్టు వినిపించాడు. గండి, బీటలు, కన్నీరు అనే మూడు మాటలు కొలువులో వరసగా పడేసరికి రాజు రెండు చెవులూ మూసుకున్నాడు.

"మాచనా, ఏమిటా రాళ్ళు?"

"తూములపాడు వారి అసలు విన్నపం ప్రభూ. కిందటి నెల మీరు విని ముచ్చటపడింది సోమయాజిగారు మార్చింది."

సోమయాజి తొణకలేదు. ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "నేను మార్చింది నాలుగు అక్షరాలు ప్రభూ. పల్లెటూరి భాషకు కొంచెం మెరుగు పెట్టాను. నాలుగు అక్షరాల వల్ల ఎవరి కొంపా మునగదు."

"మునగదు స్వామీ, ఎండుతుంది" అన్నాడు మాచన.

కొలువులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాజుకు మాత్రం నవ్వు రాలేదు. తన సభ మీద, తన అభిరుచి మీద ఒక చదువరి వేలెత్తి చూపడం ఆయనకు కొరుకుడుపడలేదు.

"మంచి మాట వల్ల చెడు జరగడం మేమెన్నడూ వినలేదు. మెరుగు పెట్టిన మాట వల్ల ఒక్కరికైనా ఇబ్బంది కలిగిందని వారంలోగా నిరూపించు. లేకపోతే రాజ్యం విడిచిపో" అన్నాడు.

మాచన చేతులు కట్టుకున్నాడు. "నిరూపిస్తాను ప్రభూ. అయితే ఎవరినో తెచ్చి నిలబెడితే వాడు అబద్ధాలకోరు అంటారు. అందరూ నమ్మే మనిషి కావాలి. ఎల్లుండి మీ వనభోజనం ఉంది కదా. ఆ ఒక్కరోజు తోట నుంచి మీరు కోటకు ఏం చెప్పి పంపినా అది పరిష్కార సభ మీదుగా వెళ్ళాలని, సభ ముద్ర వేసిన ఆకులో ఏముంటే కోటవాళ్ళు అదే చెయ్యాలని ఆజ్ఞ ఇవ్వండి."

"మా మాటలకు మెరుగు దేనికి?"

"అక్కర్లేదు కాబట్టే అడుగుతున్నాను. సోమయాజిగారు మార్చడానికి ఏమీ దొరక్క ఊరికే ముద్ర వేస్తారు. ప్రభువుల మాట పుట్టుకతోనే నగిషీ అని లోకానికి తెలుస్తుంది."

రాజు మీసం మీదికి చెయ్యి వెళ్ళింది. సోమయాజి కళ్ళు మెరిశాయి. రాజుగారి రచన మీద గంటం పెట్టే భాగ్యం అంతవరకూ ఏ పండితుడికీ దక్కలేదు.

"సరే" అన్నాడు రాజు. "అంతేకాదు, ఆ రోజు పొద్దు కుంకేలోగా మేము ఏ లోటుతోనైనా కోటకు తిరిగొస్తే ఓడినట్టే."

ఇక్కడ రాజుగారి వనభోజనం సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజు ఆయన పొద్దున ఏమీ ముట్టడు. తోటకు చేరి, గాలి పీల్చి, నాలుక ఏది కోరితే అది చెప్పి పంపుతాడు. కోట నుంచి వేడివేడిగా కావళ్ళలో వస్తుంది. అలా తింటేనే రుచి అని ఆయన నమ్మకం. ఈ అలవాటు మాచనకు బాగా తెలుసు.

అతను ఇంటికి వెళ్ళేసరికి గౌరమ్మ చిన్న గంపలో చెంబులూ గిన్నెలూ సర్దుతోంది.

"ఇదేమిటి?"

"ఎందుకైనా మంచిదని" అంది ఆమె. "రాజ్యం విడిచి పోవాల్సి వస్తే అప్పటికప్పుడు వెతుక్కోలేం."

ఎల్లుండి రానే వచ్చింది. ఈసారి తూర్పున ఉన్న పొగడతోట బాగుంటుందని మాచన చెబితే రాజు అక్కడికే బయలుదేరాడు. కోటకు క్రోసు దూరం. పొగడపూలు రాలి నేలంతా తెల్లగా ఉంది. రాజు కొంతసేపు పూల వాసన మెచ్చుకున్నాడు. తర్వాత ఆవలించాడు. తర్వాత పొట్ట నిమురుకుని, వార్తాహరుణ్ణి పిలిచి ఆకు మీద రాయించాడు:

"ఆకలిగా ఉంది. వేడిగా అన్నం, పప్పు, వంకాయ కూర పంపండి."

గుర్రం కోట వైపు దౌడు తీసింది.

పరిష్కార సభలో సోమయాజి ఆ ఆకు చూసి నొసలు ముడిచాడు. మహారాజుకు ఆకలి అనడం అమంగళం. వంకాయ అనేది వంటింట్లో తప్ప పలకదగిన మాట కాదు. పండితులందరూ తలలు దగ్గరగా పెట్టి గంటసేపు శ్రమించారు. ముద్ర వేసిన ఆకు ఇలా బయటికి వచ్చింది:

"ఆమనిగా ఉన్నది. వేడుకగా గానం, డప్పు, వంకలేని కూర్పు పంపుడు."

కోట పెత్తందారు అది చదివాడు. గుర్రం మీద వచ్చినవాడు, "అయ్యా, రాజుగారికి ఆకలిగా ఉంది" అని నోటితో చెప్పబోయాడు.

"నోటిమాట చెల్లదు. ఆకులో ఉన్నదే చెల్లుతుంది. ఆజ్ఞ" అన్నాడు పెత్తందారు.

మధ్యాహ్నానికి తోట దారిలో దుమ్ము లేచింది. రాజు విస్తరి వేయించుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు నలుగురు గాయకులు, ఆరుగురు డప్పులవాళ్ళు, ఒక కవి. కవి చేతిలో వంకలేని కూర్పు ఉంది. అది రెండు వందల పద్యాలు.

పది పద్యాలయ్యేసరికి రాజు ముఖం ఎర్రబడింది. డప్పు దెబ్బ పడినప్పుడల్లా ఖాళీ కడుపులో మోగుతున్నట్టుగా ఉంది. వార్తాహరుణ్ణి మళ్ళీ పిలిచాడు.

"పాటలు చాలు. కడుపు మండుతోంది. తినడానికి ఏదైనా పంపండి."

సభలో పండితులు సంబరపడ్డారు. తమ మొదటి పరిష్కారం ఫలించిందనుకున్నారు. రెండో ఆకు ఇలా వెళ్ళింది: "పాటలు చాలవు. కొలువు నిండుతోంది. వినడానికి ఏదైనా పంపుడు."

మూడో జాములో సన్నాయి మేళం వచ్చింది. పెద్ద మేళం. వాళ్ళు దూరం నుంచే వాయించుకుంటూ వచ్చారు.

"మాచనా" అన్నాడు రాజు నీరసంగా, "ఇందులో నీ చెయ్యి ఏమైనా ఉందా?"

"లేదు ప్రభూ. నేను పొద్దున్నుంచీ మీ పక్కనే ఉన్నాను. నాకూ ఆకలిగానే ఉంది."

"కోటకు పోదామా?"

"పోవచ్చు ప్రభూ. కానీ పొద్దు ఇంకా కుంకలేదు."

రాజు పళ్ళు బిగించాడు. ఓడిపోవడం కంటే ఆకలి నయమనిపించింది. కాసేపటికి ఆ అభిప్రాయం కూడా మారింది. ఈసారి ఆలోచించి ఆలోచించి, మార్చడానికి వీలు లేకుండా రెండే మాటలు రాయించాడు.

"అన్నం పంపండి."

ఆ రెండు మాటలు చూసి సభ కలవరపడింది. ఇంత పెద్ద మహారాజు ఇంత చిన్న మాట అనడు. లేఖకుడు ఏదో పొరపాటు చేసి ఉంటాడు. ఒక్క అక్షరం సవరిస్తే అంతా సరిపోతుందని సోమయాజి కనిపెట్టాడు. "అన్నను పంపండి" అని దిద్ది ముద్ర వేశాడు.

రాజుకు పెదతండ్రి కొడుకు ఒకాయన ఉన్నాడు, పేరు నరసరాజు. డెబ్బై ఏళ్ళవాడు, చెముడు. భోజనప్రియుడు. పల్లకీ తోటలో దిగగానే ఆయన నవ్వు ముఖంతో తమ్ముడి దగ్గరికి వచ్చాడు.

"పిలిపించావట కదా తమ్ముడూ. వనభోజనం అని తెలిసి ఇంట్లో ఏమీ ముట్టకుండా వచ్చాను. ఏం వండించావు?"

రాజు ఆయనకేసి చూశాడు. మేళంవాళ్ళ కేసి చూశాడు. నూట పదిహేడో పద్యం దగ్గర ఆగి ఉన్న కవికేసి చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళనుంచి నీళ్ళు కారేలా నవ్వాడు. ఖాళీ కడుపుతో నవ్వితే నొప్పి పుడుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఓడిపోయాం మాచనా" అన్నాడు చివరికి. "ముందు తినడానికి ఏదైనా చూడు. కోటదాకా ఆగే ఓపిక లేదు."

"ఇక్కడికి దగ్గరలో ఒక ఊరుంది ప్రభూ. తూములపాడు."

రాజు అతనికేసి నిదానంగా చూశాడు. పొగడతోట ఎందుకు బాగుంటుందో ఇప్పుడు అర్థమైంది.

ముగ్గురూ కాలువ వెంట నడిచారు. నిజానికి కాలువలోనే నడిచారు, ఎందుకంటే అందులో నీళ్ళు లేవు. అడుగున మట్టి పెంకుల్లా ఎండి కాలి కింద పటపటమంటోంది. ఒకచోట గట్టు తెగి, మనిషి నిలువు లోతున గండి కనిపించింది. అక్కడివరకూ వచ్చిన నీళ్ళన్నీ హాయిగా వాగులోకి దూకుతున్నాయి. గండికి ఇవతల వరిచేలు ఆకులు చుట్టుకుపోయి నిలబడి ఉన్నాయి. రాజు అక్కడ చాలాసేపు ఆగాడు.

కాటమ్మ వాకిట్లో ఉంది. మాచనను గుర్తుపట్టి, మిగతావాళ్ళు ఎవరని అడక్కుండానే చాప పరిచింది. సొరబుర్రలో అంబలి పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది. రాజు ఊపిరి తీసుకోకుండా తాగాడు. రెండోసారి పోయించుకున్నాడు. మూడోసారి బుర్ర చాచేసరికి ఆమె కుండ వంచి చూపించింది. ఖాళీగా ఉంది.

"ఇక లేదు బాబూ. రేపటిదీ కలిపి పోసేశాను."

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నరసరాజుకు ఆ మాట వినిపించలేదు. "తమ్ముడూ, మహారాజువి కదా, ఇంకొంచెం పోయించు, బాగుంది" అన్నాడు గట్టిగా.

కాటమ్మ లేచి నిలబడింది. ఒక్క క్షణం ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత మళ్ళీ కూర్చుంది. ఈ వయసులో కొత్తగా భయపడడం ఆమె వల్ల కాలేదు.

"శాలువా పంపింది మీరేనా?"

"మేమే."

"మా ఊళ్ళో పన్నీరు తప్ప వేరే నీరు లేదని నమ్మారా బాబూ?"

"నమ్మాం."

"గంజి తాగే ఊళ్ళో పన్నీరు ఎక్కడిదని ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"వినడానికి బాగుంది" అన్నాడు రాజు. చాలా చిన్న గొంతుతో అన్నాడు.

మాచన తల దించుకున్నాడు. ఆ మాట రాజుది మాత్రమే కాదని అతనికి తెలుసు. "చదవడానికీ బాగుంది పెద్దమ్మా. తప్పు నాది కూడా" అన్నాడు.

"మరైతే దిద్దండి ఇద్దరూ" అంది కాటమ్మ.

మర్నాడు కొలువు కిక్కిరిసిపోయింది. రాజు మాచన చేత మూడు ఆకులూ, వాటి పరిష్కారాలూ వరసగా చదివించాడు. 'అన్నను పంపండి' దగ్గరికి వచ్చేసరికి ద్వారపాలకులు కూడా ఈటెలు వదిలేసి నవ్వారు. సోమయాజి ఒక్కడే బిగుసుకుని నిలబడ్డాడు.

"ప్రభువులకు ఆకలి అనడం అమంగళమని..."

"ఆకలి వెయ్యడం అమంగళం కాదా సోమయాజిగారూ?" అన్నాడు రాజు. "మూడుసార్లు అన్నం అడిగితే రెండు మేళాలూ ఒక అన్నగారూ వచ్చారు. తూములపాడువాళ్ళు మూడుసార్లు నీళ్ళడిగితే ఒక శాలువా వెళ్ళింది. వాళ్ళకంటే మేమే నయం. మా బాధ ఒక్క పూటతో పోయింది. ఈ రోజుతో మీ సభ చాలు. సభవారంతా, కాలువల అధికారి మల్లపరాజుతో సహా, తూములపాడు వెళ్ళండి. మల్లపరాజు మేడ విప్పి దుంగలు బండ్లకెత్తండి. గండి పూడేదాకా అక్కడే ఉండి, ఊరివాళ్ళు తిన్నదే తిని, వాళ్ళతో కలిసి పనిచెయ్యండి."

సోమయాజి తన చేతుల కేసి చూసుకున్నాడు. "మట్టి మోయడమా ప్రభూ?"

"అంత ముతకగా అనకండి. భూదేవి సేవ అనండి" అన్నాడు రాజు.

గండి పూడడానికి తొమ్మిది రోజులు పట్టింది. పండితులు లేకపోతే ఏడు రోజుల్లో అయ్యేదని ఊళ్ళోవాళ్ళు చెప్పుకున్నారు. నీళ్ళు కాలువ పట్టి వచ్చేసరికి దిగువన మూడోవంతు చేను అప్పటికే పోయింది. మిగిలింది తేరుకుంది. మల్లపరాజు ఉద్యోగం పోయింది. సభ దగ్గర పోగుపడిన నేతి కుండలు తూములపాడు చేరాయి. ఆ ఏడాది ఆ ఊళ్ళో అంబలిలో కూడా నెయ్యి తేలిందట. అటక మీది గంటాలు ఒకటొకటే దిగాయి. ఒక కవి దున్నపోతు చచ్చిపోయిన రైతు గురించి రాసుకొచ్చి చదివితే, రాజు విని ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు ఆ కవిని పిలిచి ఇంకొకటి రాయమన్నాడు.

అన్నీ సద్దుమణిగాక రాజు మాచనను కొలువులో నిలబెట్టాడు.

"మమ్మల్ని ఆకలితో మాడ్చావు. డప్పులతో కొట్టించావు. అన్నగారి ముందు తలవంపులు తెచ్చావు. దీనికి బహుమానం ఇవ్వాలి. ఏమిటో ఊహించు."

మాచన మనసులో బంగారు కంఠెలు మెదిలాయి. వినయంగా, "ప్రభువుల దయ" అన్నాడు.

"తూములపాడు కాలువ కింద రెండు మడులు నీ పేర రాయించాం. చిట్టచివరి మడులు. కాలువలో ఏ చిన్న లోపం వచ్చినా మొదట నీళ్ళు అందనిది వాటికే. అప్పుడు ఈ రాజ్యంలో అందరికంటే ముందు నువ్వే వచ్చి అరుస్తావు. ముద్ర అక్కర్లేదు."

మాచన ముఖం చూసి రాజు ఆసనం చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. మాచనకు తనను రాజు ఎక్కడ పట్టుకున్నాడో అర్థమై, తనూ నవ్వకుండా ఉండలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి చెబితే గౌరమ్మ నిదానంగా విన్నది. "నాట్లు వెయ్యడం వచ్చా మీకు?" అని అడిగింది.

రాదు. కాటమ్మ నేర్పింది. మొదటి రోజు మాచన వేసిన వరస చూసి ఊరంతా ఒడ్డున నిలబడి వినోదించింది. రెండో ఏటికి అతని చేతి కింద వరస వంక లేకుండా వచ్చింది.

మూడో ఏడు ఎండలు ముదురుతున్న వేళ, మాచన మోకాళ్ళదాకా దుమ్ముతో సరాసరి కొలువులోకి వచ్చాడు. విదేశం నుంచి వచ్చిన రాయబారి ఏదో చెబుతున్నాడు. మాచన ఆయన ముగించేదాకా ఆగలేదు.

"ప్రభూ, నీళ్ళు రాలేదు" అన్నాడు.

రాజు రాయబారికి క్షమాపణ చెప్పి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు.